నిఘా సంస్థల్లో పని ఎక్కడ ఆగుతోంది? మనుషులు చాలకనా, మధ్యలో ఎదురుచూపుల వల్లనా?

#1 ఎర్రసిరా

ఆడిట్, విజిలెన్స్, అంబుడ్స్‌మన్, సమాచార కమిషన్... ప్రభుత్వ పనిని కనిపెట్టి ఉండే ఏ సంస్థలోనైనా పని తెమలడం లేదంటే మొదట వినపడే మాట "మనుషులు చాలరు". అబద్ధమేం కాదు. కానీ ఆ మాట అక్కడితో ఆపేస్తే అసలు జబ్బు దొరకదు.

ఒక ఆడిట్ రిపోర్టుకి మొదలైన రోజు నుంచి సంతకం దాకా 300 రోజులు పట్టిందనుకుందాం. ప్లానింగ్ 30, ఫీల్డ్ పని 60, డ్రాఫ్ట్ రాయడం 25. కలిపితే 115. మిగిలిన 185 రోజులు ఏమయ్యాయి? రికార్డుల కోసం 50, పైవాళ్ల రివ్యూ చుట్లకి 70, శాఖ జవాబు కోసం 65. ఇప్పుడు ఫీల్డ్ పార్టీలో (శాఖకి వెళ్లి ఆడిట్ చేసే బృందంలో) 10 శాతం మందిని పెంచితే మిగిలేది అయిదారు రోజులు. 300 కాస్తా 294 అవుతుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఈ అంకెలు ఉదాహరణకే. కానీ దశలవారీగా తేదీలు వేసి చూస్తే ఎక్కడైనా బొమ్మ దాదాపు ఇలాగే వస్తుంది. చాలా చోట్ల ఆ తేదీలే ఉండవు. "ఫైలు ప్రాసెస్‌లో ఉంది" అనే ఒక్క మాట కింద అన్నీ కలిసిపోతాయి.

ఏ దశలో ఎందుకు ఆగుతుందో, ఏం చేస్తే కదులుతుందో వివరంగా రాయండి.

#2 రికార్డుగది

ఆ 50 రోజుల సంగతి నేను చెబుతాను. శాఖవాళ్లు కావాలని దాచడం ఉంటుంది, కాదనను. కానీ అంతకంటే ఎక్కువ ఆలస్యం మెమో రాసిన తీరు వల్లే వస్తుంది. మామూలుగా వెళ్లే మెమో ఇది:

"2021 నుంచి జరిగిన కొనుగోళ్లకు సంబంధించిన అన్ని రికార్డులను సత్వరమే సమర్పించగలరు."

దీన్ని అందుకున్న గుమాస్తాకి ఏ అలమర తెరవాలో తెలియదు. పైవాళ్లని అడుగుతాడు. వాళ్లు "చూద్దాం" అంటారు. రెండు వారాల తర్వాత ఒక మూట వస్తుంది, అందులో కావలసింది ఉండదు. ఇదే పనికొచ్చేలా రాస్తే:

"కొనుగోలు ఆర్డర్ల రిజిస్టరు, 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు. జత చేసిన జాబితాలోని 24 ఆర్డర్లకి టెండర్ ప్రకటన, ధరల పోలిక పట్టిక, ఆమోదం ఇచ్చిన నోట్‌ఫైలు పేజీ, సరుకు అందిన రశీదు, చెల్లింపు వోచరు. ఏదైనా లేకపోతే ఆ వరసకెదురుగా 'లేదు' అని రాసి సంతకం చేయగలరు."

ఆఖరి వాక్యమే కీలకం. "లేదు" అన్న సంతకం కూడా ఆధారమే. అది చేతిలో ఉంటే ఎదురుచూడాల్సిన పని లేదు.

తర్వాత మెట్లు ముందే రాసిపెట్టుకోవాలి. మూడో పనిదినాన ఫోన్, ఏడో రోజున సెక్షన్ అధికారికి గుర్తుచేసే మెమో, పన్నెండో రోజున శాఖాధిపతికి ఉత్తరం, ఆ తర్వాత "రికార్డులు చూపలేదు" అని రిపోర్టులోనే పరిశీలనగా ఎక్కించడం. అధికారాలకేం కొదవ లేదు. వివిధ దేశాల ఆడిట్ సంస్థలు 1977లో లిమాలో ఆమోదించిన ఆడిట్ ప్రకటన 10వ సెక్షన్ రికార్డులన్నీ చూసే హక్కు ఉండాలంటుంది. భారత్‌లో 1971 కాగ్ చట్టం 18వ సెక్షన్ కూడా అదే అధికారం ఇస్తోంది. అయినా వాడలేకపోతారు. ఏది ఎప్పుడు అడిగామో వరస నంబర్లతో రిజిస్టరు ఉండదు మరి. చర్య తీసుకోబోయేసరికి "మాకు మెమో అందలేదు" అంటారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

#3 అంకెలపురుగు

కాగితం సంగతి అలా ఉంటే డేటా సంగతి మరీ ఘోరం. శాఖలో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఆడిట్‌కి మాత్రం ప్రింట్ తీసి, స్కాన్ చేసి పీడీఎఫ్ ఇస్తారు. 4,000 వరసలు మళ్లీ చేత్తో ఎక్కించడానికే ఫీల్డ్ పనిలో సగం పోతుంది.

ఎక్సెల్ ఫైలు ఇచ్చినా గండాలున్నాయి. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరుని అంకెగా తెరిచి సేవ్ చేశారా, చివరి అంకె సున్నా అయిపోతుంది. అప్పుడు వేర్వేరు ఖాతాలు ఒకటిగా కనబడి "ఒకే ఖాతాకి పదిసార్లు చెల్లింపు" అని లేని మోసం ఒకటి పుట్టుకొస్తుంది. ముందు సున్నా ఉన్న కోడ్‌లలో ఆ సున్నా రాలిపోతుంది. 03/04 అన్న తేదీ ఏప్రిల్ 3 అవుతుందో మార్చి 4 అవుతుందో కంప్యూటరు సెట్టింగు మీద ఆధారపడుతుంది. ఇలాంటి తప్పుడు పేరా (రిపోర్టులో ఒక్కో అభ్యంతరాన్ని అలా అంటాం) ఒక్కటి శాఖ చేతికి చిక్కితే మిగతా రిపోర్టు మీద నమ్మకం పోతుంది, పని రెట్టింపవుతుంది.

డేటా తీసుకునేటప్పుడే నాలుగు సరిచూసుకోవాలి: వరసల సంఖ్య, మొత్తం సొమ్ము, మొదటి తేదీ-చివరి తేదీ, వోచరు నంబర్లలో ఖాళీలు. మొత్తం సొమ్ము శాఖ లెడ్జర్‌తో కలవకపోతే విశ్లేషణ మొదలుపెట్టొద్దు. ఇది గంట పని. వదిలేస్తే నెల పోతుంది.

ఇంకొకటి శాంపిల్ సైజు. "ఎందుకైనా మంచిది" అని వేలకి వేల వోచర్లు చూసే అలవాటుంది. డబ్బు మొత్తాన్ని బట్టి తీసే శాంపిల్‌లో లెక్క సులువు. 95 శాతం భరోసా కావాలి, తప్పులు ఉండవని అంచనా అయితే గుణకం 3. మొత్తం ఖర్చు 60 కోట్లు, సహించగల పొరపాటు 1.2 కోట్లు అనుకుంటే, దాన్ని 3తో భాగిస్తే వచ్చే అంతరం (ఎంత సొమ్ముకి ఒక ఎంపిక అన్నది) 40 లక్షలు. 60 కోట్లని 40 లక్షలతో భాగిస్తే 150. నూట యాభై ఎంపికలు, అంతే. 40 లక్షలు దాటినవన్నీ వాటంతటవే అందులోకి వచ్చేస్తాయి. చిల్లర వోచర్లన్నీ తిరగేస్తే ఒళ్లు అలుస్తుంది గానీ భరోసా పెరగదు.

#4 కొత్తమెమో

తప్పులు దొరుకుతాయని ముందే తెలిస్తే?

#5 అంకెలపురుగు

అప్పుడు శాంపిల్ పెరుగుతుంది. తప్పులు బాగా ఎక్కువని తెలిసిన చోట ఈ పద్ధతికే వెళ్లకండి. ఆ విభాగాన్ని విడిగా తీసి పూర్తిగా చూడటమే చవక.

#6 మూడోసంతకం

ఎర్రసిరా గారు రివ్యూకి 70 రోజులన్నారు. తప్పంతా రివ్యూ చేసేవాళ్ల మీదకి తోసెయ్యొద్దండీ. ఒక వాక్యం ఎలా ప్రయాణం చేస్తుందో చూడండి.

పార్టీ రాసింది: "సరుకు రావడంలో ఆలస్యం జరిగింది." మొదటి రివ్యూ: "సరుకు సరఫరాలో గణనీయమైన జాప్యం చోటుచేసుకుంది." రెండో రివ్యూ: "సరఫరాలో జాప్యం జరిగినట్లు గమనించడమైనది." మూడో రివ్యూ: "సరుకు రావడంలో ఆలస్యం జరిగింది."

మూడు బల్లలు తిరిగి ఫైలు బయల్దేరిన చోటికే వచ్చింది. ముగ్గురిలో ఒక్కరూ అడగని ప్రశ్న: ఎన్ని రోజులు? రాయాల్సిన వాక్యం "ఆర్డరు గడువు 90 రోజులు, సరుకు అందింది 214వ రోజున." ఇలా రాసుంటే ఎవరూ కలం పెట్టేవారు కాదు. విషయం గట్టిగా లేనప్పుడే భాష మీద చేతులు పడతాయి.

దీనికి మందు డ్రాఫ్ట్ రాయకముందే వెయ్యాలి. ఒక్కో పరిశీలనకి నాలుగు గీతలు: ప్రమాణం ఏమిటి, వాస్తవంగా ఏం జరిగింది, కారణం ఏమిటి, పర్యవసానం ఏమిటి. సంతకం పెట్టాల్సిన వాళ్లందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆ కాగితం మీద ఒప్పుకోవాలి. రెండు గంటలు పడుతుంది. కారణం గడి ఖాళీగా ఉంటే ఆ పరిశీలన డ్రాఫ్ట్‌లోకి వెళ్లకూడదు. ఎక్కువగా ఖాళీగా ఉండేది అదే గడి.

ఆ తర్వాత వచ్చే వ్యాఖ్యల్ని మూడు రకాలు చెయ్యాలి. ఆధారం, అంకె, చట్టం తప్పయితే మార్చి తీరాలి. అర్థం కాకపోతే మార్చడం మంచిది. శైలి అయితే ఎడిటర్ ఒక్కరే చూడాలి. కింది రివ్యూలో తేలిపోయిన చోట పై రివ్యూ కొత్త ప్రశ్న వేయాలంటే కారణం రాతలో ఉండాలి. ఈ ఒక్క నియమం వచ్చాక చుట్లు ఎలా తగ్గుతాయో మీరే చూస్తారు.

#7 ఎర్రసిరా

ఒప్పుకుంటున్నాను. కానీ ఆధారాల సరిచూపు సంగతి? అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓలో ఆ టీంలో లేని మనిషి ఒకరు డ్రాఫ్ట్‌లోని ప్రతి వాక్యాన్ని, ప్రతి అంకెని వర్కింగ్ పేపరుతో (ఆడిట్ చేస్తూ రాసుకున్న ఆధారాల కాగితంతో) పోల్చి చూస్తారు. మంచి పద్ధతే, రోజులు మాత్రం పడతాయి కదా.

#8 మూడోసంతకం

చివరికి పెట్టుకుంటే పడతాయి. డ్రాఫ్ట్ అంతా రాసేశాక "ఈ 214 ఎక్కడిది?" అని వెతకడం మొదలుపెడితే వారాలు పోతాయి. రాస్తున్నప్పుడే వాక్యం పక్కన వర్కింగ్ పేపరు నంబరు, పేజీ వేసేస్తే అది సరిచూసే మనిషికి రోజుల పనే. రాసినవాళ్లు ఈలోగా బదిలీ అయిపోతే ఇక చెప్పక్కర్లేదు, ఆ 214 వాళ్లతోనే వెళ్లిపోతుంది.

#9 అర్జీలపెట్టె

ఇక్కడ అంతా ఆడిట్ మాటే నడుస్తోంది. ఫిర్యాదులు తీసుకునే సంస్థల్లో రోగం వేరు. అక్కడ పని మనం ఎంచుకునేది కాదు, తలుపు తోసుకుని వచ్చిపడేది.

పెండింగ్ 1,200, నెలకి తేలేవి 80 అయితే కొత్తగా వచ్చిన అర్జీ వంతు రావడానికి 15 నెలలు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన వరస సూత్రం చెప్పేదీ ఈ సంబంధమే. నెలకి 90 వస్తుంటే పెండింగ్ నెలకి పదేసి పెరుగుతూనే ఉంటుంది. ఆ 90లో 35 అసలు మన పరిధిలోనివే కావనుకోండి. అవీ అదే వరసలో 15 నెలలు నిలబడి, చివరికి "మా పరిధి కాదు" అన్న ఉత్తరం అందుకుంటాయి.

అందుకే గుమ్మం దగ్గర ఒక బల్ల వెయ్యాలి. అయిదు పనిదినాల్లో నాలుగు ప్రశ్నలు: మన పరిధేనా, ముందు శాఖకి అర్జీ పెట్టారా, కాలపరిమితి దాటిందా, ఇదే విషయం కోర్టులో ఉందా. 35 అక్కడే ఆగిపోతే మిగిలేవి 55, మన సత్తా 80. నెలకి పాతికేసి పెండింగ్ తగ్గుతుంది.

#10 తక్కెడ

అర్జీలపెట్టె గారూ, ఆఖరి లెక్క తప్పండి. మీ 80లో ఆ తేలికపాటివి కూడా కలిసి ఉన్నాయి. వాటిని తీసేశాక 80 బరువైన కేసులు తేల్చే సత్తా మిగలదు. గంటల్లో వేయండి.

ఇప్పుడు తేలుతున్న 80లో 35 తేలికవి, 45 బరువైనవి అనుకుందాం. తేలికదైనా నోటీసు, జవాబు, విచారణ తేదీ అన్నీ తిరుగుతుంది కాబట్టి 5 గంటలు. బరువైనది 12 గంటలు. 175, 540 కలిపి నెలకి 715 గంటలు. అదీ మీ అసలు సత్తా.

గుమ్మం బల్ల పెడితే వచ్చే 90కి గంట చొప్పున 90 గంటలు. మిగిలిన 625 గంటల్లో బరువైనవి 52 తేలుతాయి. వచ్చేవి 55. అంటే పెండింగ్ ఇంకా నెలకి 3 పెరుగుతూనే ఉంటుంది. పదికి బదులు మూడు. మంచిదే, పాతిక తగ్గుతుందనడం మాత్రం కుదరదు. ఆ మూడింటికి ఇంకా 36 గంటలు కావాలి. అది దొరికినా పెండింగ్ పెరగడం ఆగుతుందంతే, పాత 1,200 అలాగే ఉంటాయి. వాటిని కరిగించడానికి విడిగా అడగాలి.

#11 అర్జీలపెట్టె

దొరికిపోయాను. మీ లెక్కే సరైంది. పైగా బడ్జెట్ అడిగేటప్పుడు "సిబ్బంది కొరత తీవ్రంగా ఉంది" అనే కంటే "నెలకి 36 గంటలు తక్కువ" అంటే అవతలివాళ్లు తప్పించుకోలేరు.

ఒక్క మాట మాత్రం కలుపుతాను. పరిధిలో లేని అర్జీదారుకి అయిదు రోజుల్లో "ఫలానా చోటికి వెళ్లండి" అని తెలిసిపోతుంది. ఆ లాభం మన గంటల్లో కనబడదు.

#12 ఖాళీకుర్చీ

కింద ఎంత సర్దినా పైన కుర్చీ ఖాళీగా ఉంటే అన్నీ వృథా. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డుకి 2017 జనవరి నుంచి 2022 మార్చి దాకా కోరం, అంటే తీర్పు ఇవ్వడానికి కావలసినంత మంది సభ్యులు, లేదు. సిబ్బంది పని చేస్తూనే ఉన్నారు, తీర్పుల చిత్తులు తయారవుతూనే ఉన్నాయి, సంతకం చేసేవాళ్లు లేరు. కోరం వచ్చేనాటికి పేరుకున్నవి దాదాపు 3,800 కేసులు. భారత్‌లో లోక్‌పాల్ చట్టం 2014 జనవరిలో అమల్లోకి వచ్చింది, మొదటి అధ్యక్షుడి నియామకం 2019 మార్చిలో.

గడువు లేకపోవడం ఇంకో రకం ఖాళీ. సమాచార హక్కు చట్టంలో అధికారికి 30 రోజులు, మొదటి అప్పీలుకి 30, మహా అయితే 45 రోజులు. రెండో అప్పీలు కమిషన్ ముందుకి వెళ్లాక చట్టంలో గడువే లేదు. కింది మెట్లకి గడియారం పెట్టి పై మెట్టుకి తీసేస్తే ఫైళ్లన్నీ పేరుకునేది ఆ పై మెట్టు మీదే.

పదవీకాలం ముగిసే తేదీ ముందే తెలిసిందే కదా. ఆరు నెలల ముందు నియామకం పని మొదలవ్వాలని, కొత్తవాళ్లు వచ్చేదాకా పాతవాళ్లు కొనసాగాలని చట్టంలోనే రాసుకుంటే ఈ గొడవ ఉండదు. రాయించుకోవడం సంస్థ చేతిలో లేదనుకోండి, అదే తంటా.

#13 ఓపెనింగ్‌బ్యాలెన్స్

పెండింగ్ ఒక హద్దు దాటితే తనంతట తానే పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల ఆడిట్ చూడండి. పాత ఆడిట్ కమిషన్‌ని 2015లో మూసేసి పని ప్రైవేటు సంస్థలకి అప్పగించారు. 2023 సెప్టెంబరుకి రావాల్సి ఉండి రాని ఆడిట్ అభిప్రాయాలు 918.

ఎందుకలా? నిరుటి ఖాతా మూతపడకపోతే ఈ ఏడు ఓపెనింగ్ బ్యాలెన్స్ (నిరుటి నుంచి తెచ్చుకున్న మొదటి నిల్వ) నమ్మడానికి లేదు. ఆస్తుల విలువ మీద నిరుడు లేవనెత్తిన ప్రశ్న తేలకపోతే ఈ ఏడు కూడా అదే ప్రశ్న, మళ్లీ కొత్త విలువలతో. సాక్ష్యం చెప్పగలిగిన ఉద్యోగి ఈలోగా వెళ్లిపోతాడు. ఏడాది ఆలస్యమైన ఆడిట్‌కి పట్టే గంటలు సకాలంలో జరిగిన దానికంటే ఎక్కువ.

చివరికి గీత గీశారు: 2022-23 దాకా ఉన్న పాత ఖాతాలన్నీ 2024 డిసెంబరు 13 లోపు ముగించాల్సిందే, చూడటం పూర్తి కాకపోతే "అభిప్రాయం చెప్పలేం" అని రాసైనా సరే. దాంతో కుప్ప కరిగింది గానీ భరోసా రాలేదు. అభిప్రాయం చెప్పని ఏడాది తర్వాత భరోసా మళ్లీ కట్టుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. అయినా నన్నడిగితే గీత గీయడమే సరి. లేకపోతే కొత్త ఏడాది కూడా పాత కుప్పలోకే పోయేది.

#14 తక్కెడ

కొలత గురించి ఎవరూ ఎత్తలేదు. "ఏడాదికి ఎన్ని పేరాలు" అని అడిగిన సంస్థలో పేరాలే పుడతాయి. ఒకే లోపం అయిదు ఆఫీసుల్లో కనబడితే అయిదు పేరాలు. వాటికి అయిదు జవాబులు, అయిదు రిమైండర్లు, అయిదు పెండింగులు. ఒకే పేరాగా రాసి పైశాఖకి పంపి ఉంటే ఒక్క సర్క్యులర్‌తో తేలేది. కొలతని లక్ష్యం చేస్తే ఆ కొలత చెడిపోతుందని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పింది ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది.

నేనైతే చూసేవి మూడు: ఒక్కో దశకి పట్టిన రోజుల మధ్యస్థం (సగటు కాదు, ఒక్క ముదురు కేసు సగటుని పాడుచేస్తుంది), మొదటి రివ్యూలోనే దాటిన పరిశీలనల శాతం, నాలుగేళ్లలో అమలైన సిఫార్సుల శాతం. ఆ నాలుగేళ్ల లెక్క జీఏఓ వాడేదే. మరీ ముందు కొలిస్తే శాఖకి సమయం ఇచ్చినట్టుండదు.

#15 కొత్తమెమో

సిఫార్సులు అమలయ్యాయని ఎవరు తేల్చాలి? శాఖ "చర్యలు తీసుకున్నాం" అని రాస్తే మూసేయొచ్చా?

#16 రికార్డుగది

వద్దు. కానీ తప్పు మన వాక్యంలోనే మొదలవుతుంది. "అంతర్గత నియంత్రణలను పటిష్ఠం చేయాలి" అని రాస్తే "పటిష్ఠం చేశాం" అనే జవాబొస్తుంది. దాన్ని కాదనడానికి మన దగ్గర ఏముంది? అలాంటి సిఫార్సు ఎప్పటికీ మూయలేం, మూయకుండా ఉంచడానికీ కారణం చూపలేం. ఏటా దాని మీద ఉత్తరాలు మాత్రం నడుస్తాయి.

ఇలా రాయండి: "సరుకు రశీదు నంబరు ఎక్కించకుండా చెల్లింపు బిల్లు ముందుకి కదలకుండా సాఫ్ట్‌వేర్‌లో అడ్డు పెట్టాలి. బాధ్యత: ఆర్థిక విభాగాధిపతి. గడువు: ఆరు నెలలు. మూయడానికి ఆధారం: మార్పు తర్వాతి నెలలోని 30 చెల్లింపుల జాబితా, రశీదు నంబర్లతో." ఇక జవాబు చదవక్కర్లేదు, జాబితా చూస్తే చాలు.

బ్రిటన్‌లో పార్లమెంటు పద్దుల కమిటీ రిపోర్టు మీద ప్రభుత్వం మామూలుగా రెండు నెలల్లో ఒక్కో సిఫార్సుకీ ఒప్పుకుంటున్నామా లేదా అని విడివిడిగా జవాబు చెబుతుంది. "పరిశీలనలో ఉంది" అనే గడి లేకపోతే ఎంత కాగితం ఆదా అవుతుందో.

#17 ఖాళీకుర్చీ

దక్షిణాఫ్రికా ఇంకో మెట్టు పైకెళ్లింది. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం పెద్ద అక్రమం మీద సిఫార్సుని సంబంధిత అధికారి పట్టించుకోకపోతే ఆడిటర్ జనరల్ కట్టుబడి తీరాల్సిన ఆదేశం ఇవ్వొచ్చు. దానికీ కదలకపోతే నష్టం ఆ అధికారే కట్టాలని రుణపత్రం జారీ చేయొచ్చు.

#18 మూడోసంతకం

అధికారాలు పెరిగితే పనీ పెరుగుతుంది, మరచిపోకండి. రుణపత్రం దాకా వెళ్లే పరిశీలనకి కోర్టులో నిలబడే ఆధారం కావాలి. అన్ని పరిశీలనలకీ ఆ స్థాయి పెట్టుకుంటే సంస్థ స్తంభించిపోతుంది. ప్లానింగ్‌లోనే ఏవి ఆ దారిన వెళ్లొచ్చో గుర్తు పెట్టుకుని, వాటికి మాత్రం మొదటి రోజు నుంచీ అసలు పత్రాల ధృవీకృత నకళ్లు, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఏ తేదీన అన్న వరస ఉంచుకోవాలి. మిగతావాటికి మామూలు నకలు చాలు.

#19 కొత్తమెమో

రికార్డుగది గారూ, ఆ "లేదు" సంతకం ఎవరి చేత పెట్టించాలి? గుమాస్తా పెడితే చెల్లుతుందా?

#20 రికార్డుగది

రికార్డు ఎవరి కస్టడీలో ఉండాలో వాళ్లు పెట్టాలి, కింద సెక్షన్ అధికారి కూడా. గుమాస్తా ఒక్కడి సంతకమే తీసుకుంటే రిపోర్టు వచ్చిన వారానికి ఫైలు దొరికిందంటారు. తేదీతో పాటు టైం కూడా వేయించండి.